గుంటూరులో సూర్యుని చూచిన జాన్సెన్ గారు

ధ్యాన భాగములు: కీర్తనలు 19:1-6, యిర్మీయా 10:1-5



గ్రహణము పట్టిన దినమున మన పల్లెలలో ఏమి జరుగునో మీరెరుగుదురు. వండిన అన్నము పారబోయుదురు. ఊరగాయ జాడీలలో దర్భపోచలు వేయుదురు. గర్భిణీ స్త్రీని చీకటి గదిలో పండబెట్టి, కదలినచో బిడ్డకు గ్రహణమొర్రి వచ్చునని బెదిరింతురు. బాప్తిస్మము పొందిన ఇండ్లలోను ఆ చీకటి గది ఇంకను ఉన్నది. అత్తగారి మాట కాదనలేక కొందరు, ఎందుకైన మంచిదని కొందరు దానిని పాటించుచున్నారు. ఆకాశమందలి గురుతులను చూచి దేవుని జనులు జడియరాదని యిర్మీయా ప్రవక్త బోధించెను గదా! అందుచేత ఈ నెల, మన కృష్ణాతీరమునకే వచ్చి గ్రహణమును వెదకి చూచిన ఒక పెద్దమనిషి జీవితము వ్రాయుచున్నాము.

పియెర్ జూల్ సెజార్ జాన్సెన్ గారు 1824 ఫిబ్రవరి 22న పారిసు నగరములో పుట్టిరి. తండ్రి వాద్యకారుడు. పసితనమున జరిగిన ప్రమాదము వలన ఒక కాలు అవిటిదై, బ్రదికినంత కాలము కుంటుచునే నడిచిరి. బడికి వెళ్లుటకు వీలులేకపోయెను. ఇంటి జరుగుబాటుకై పిన్నవయస్సుననే బ్యాంకులో పనికి కుదిరిరి. తీరిన వేళలలో గణితమును, భౌతిక శాస్త్రమును చదువుకొని, 1860లో డాక్టరు పట్టము పొందిరి. అప్పటికి ముప్పదియారేండ్లు. పిల్లవాడు పదియవ తరగతి తప్పినంతనే చదువు ముగిసినదని నిట్టూర్చు తలిదండ్రులు ఈ మాట గుర్తుంచుకొనవచ్చును.

ఆయన చేతి పనిముట్టు వర్ణపటదర్శిని. గాజు పట్టకము గుండా వెలుగు పోవునప్పుడు ఇంద్రధనుస్సువలె రంగులుగా విడివడును. మండుచున్న ప్రతి వాయువును ఆ రంగులలో తనకే చెందిన గీతలను చూపును. ఆ గీతలను బట్టి కోట్ల మైళ్ల దూరముననున్న సూర్యునిలో ఏ పదార్థమున్నదో ఇక్కడ నుండియే చెప్పవచ్చును. అయితే ఒక చిక్కు ఉండెను. సంపూర్ణ గ్రహణవేళ సూర్యుని అంచున ఎర్రని నాలుకలవంటివి కొన్ని కనబడును. అవి ఏమిటో ఎవరికిని తెలియదు. ఆ కొద్ది నిమిషములు దాటినంతనే సూర్యకాంతిలో అవి మరుగైపోవును.

1868 ఆగస్టు 18న గొప్ప సంపూర్ణ గ్రహణము వచ్చెను. చంద్రుని నీడ పడమటి తీరమున మన దేశములో ప్రవేశించి, బీజాపూరు ప్రాంతము దాటి, గుంటూరు, మచిలీపట్నముల మీదుగా సముద్రము చేరెను. ఆనాటి మన డెల్టాను తలంచుడి. బెజవాడ ఆనకట్ట పూర్తియై పదమూడేండ్లు. హయ్యర్ దొరగారు గుంటూరులో సువార్త పని ఆరంభించి ఇరువదియారేండ్లు. 1864 నవంబరు 1న మచిలీపట్నము మీద పడిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించి ఇంకను నాలుగేండ్లు నిండలేదు. అట్టి జనులకు పట్టపగలు చీకటి పడుట ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఆ దినమున మద్రాసు నక్షత్రశాల అధిపతియైన పాగ్సన్ దొరగారు మచిలీపట్నములో దూరదర్శిని నిలిపిరి. గుంటూరులో టెన్నెంట్ దొరగారి జట్టు ఒకటి దిగెను. జాన్సెన్ గారు అదే గుంటూరులో లెఫోషర్ అను ఫ్రెంచి ప్రత్తి వర్తకుని మేడమీద తన పరికరములు అమర్చుకొనిరి. వానకాలము. ఒక్క మబ్బు అడ్డు వచ్చినను వేల మైళ్ల ప్రయాణము వృథా. ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున సూర్యుడు పూర్తిగా మరుగుపడెను. ఎర్ర నాలుకల కాంతిని జాన్సెన్ గారు పట్టకము గుండా చూడగా ప్రకాశమైన గీతలు కనబడెను. అవి మండుచున్న వాయువులనియు, వాటిలో ముఖ్యమైనది హైడ్రోజను అనియు తేలెను.

ఇంతవరకు ఇతరులును చూచిరి. ఆయన గొప్పతనము మరునాటి పనిలోనున్నది. ఆ గీతలు అంత ప్రకాశముగా నున్నప్పుడు, గ్రహణము లేని దినమున మాత్రము ఎందుకు కనబడకూడదని ఆయనకు తోచెను. 19వ తేదీ ఉదయము పరికరపు సన్నని చీలికను సూర్యబింబపు అంచున నిలిపి చూచిరి. అవే గీతలు, మామూలు పగటి వెలుగులో! నిన్న ఐదు నిమిషములకు పైగా మాత్రమే కనబడినవి నేడు గంటల తరబడి కనబడెను. పదునేడు దినములు వాటిని పరిశీలించి, ఆ నాలుకలు ఎట్లు ఆకారము మార్చుకొనుచున్నవో గుర్తించిరి. అవి ఎన్నడును లేకుండపోలేదు. చూచు విధానమే తెలియకుండెను.

గ్రహణపు నిమిషముల మాట వచ్చినది గనుక ఒక సంగతి. ప్రభువు సిలువవేయబడినప్పుడు కమ్మిన చీకటి సూర్యగ్రహణమేనని కొందరు బోధకులు సెలవిచ్చుచున్నారు. అది పొసగదు. పస్కా పౌర్ణమి నాటి పండుగ. సూర్యగ్రహణము అమావాస్యనాడే వచ్చును. పైగా సంపూర్ణ గ్రహణము ఒక్కచోట ఏడున్నర నిమిషములు మించి నిలువదు. సువార్తికులు చెప్పిన చీకటి మూడు గంటలున్నది.

జాన్సెన్ గారు తన సంగతులను సెప్టెంబరు 19న మన కాకినాడ నుండి జాబు వ్రాసి పారిసు విజ్ఞాన పరిషత్తుకు పంపిరి. ఈలోగా లాక్యర్ అను ఆంగ్లేయుడు, గ్రహణము చూడకయే, అక్టోబరు 20న ఇంగ్లండు నుండి అదే విధమున ఆ గీతలను చూచెను. ఇద్దరి జాబులును పరిషత్తుకు ఒకే దినమున చేరెను. నేను ముందని ఇద్దరును తగవులాడలేదు, స్నేహితులైరి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వము ఇద్దరి ముఖములును గల పతకము వేయించెను. హీలియమును గుంటూరులో జాన్సెన్ గారే కనుగొనిరని మన పుస్తకములలో వ్రాయుదురు. అభిమానము మంచిదే గాని, అది పూర్తి నిజము కాదు. మచిలీపట్నములో పాగ్సన్ గారు ఒక పసుపు గీతను సోడియము గీత చోటనో దాని చెంతనో ఉన్నట్లు గుర్తించిరి. అది సోడియము గీత కాదని తేల్చి, క్రొత్త పదార్థమని తలంచినది లాక్యర్ గారు. భూమిమీద ఆ వాయువును 1895లో రామ్సే గారు పట్టుకొనిరి.

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పెదను. 1870లో శత్రుసైన్యము పారిసును ముట్టడించియుండగా, మరియొక గ్రహణము చూచుటకై జాన్సెన్ గారు డిసెంబరు 2న బెలూను ఎక్కి శత్రువుల తలలమీదుగా వెడలిరి. ఆఫ్రికాలోని ఓరాన్ చేరిరి. గ్రహణమునాడు మబ్బు పట్టెను, ఏమియు కనబడలేదు. మరుసటి ఏడు నీలగిరులకు వచ్చి ఇంకొక గ్రహణము చూచిరి. మెదోన్ అనుచోట నక్షత్రశాల స్థాపించి, వేలకొలది సూర్యుని ఛాయాచిత్రములు తీయించిరి. అరువదియారేండ్ల ప్రాయమున, కుంటికాలితో, మోతగాండ్ర సాయమున మోంబ్లాన్ మంచుకొండ శిఖరమెక్కిరి. పండితులకే గాక సామాన్యులకును ఆకాశము చూపవలెనని ఫ్లమ్మారియన్ గారు 1887లో నెలకొల్పిన ఫ్రెంచి ఖగోళ సంఘమునకు 1895 నుండి 1897 వరకు అధ్యక్షులుగా ఉండిరి. 1907 డిసెంబరు 23న కన్నుమూసిరి.

సామాన్యులకు చూపు పని మన దేశమునను జరిగినది. 1868 గ్రహణమును వనపర్తి నుండి చూచిన చింతామణి రఘునాథాచార్యులుగారు మద్రాసు నక్షత్రశాల ఉద్యోగి. 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటినప్పుడు, జనులకు బోధపడుటకై దేశభాషలలో చిన్న పుస్తకము ప్రకటించిరి. హైదరాబాదు నిజామియా నక్షత్రశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము చేతికి వచ్చెను. ఆ విశ్వవిద్యాలయపు రంగాపూరు నక్షత్రశాల మీదుగా 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణము సాగెను. అక్కడ శాస్త్రజ్ఞులు కన్ను మరల్చక చూచుచుండగా, అనేక పట్టణములలో జనులు తలుపులు మూసికొనిరి, వీధులు పాడుపడినట్లుండెను. జాన్సెన్ గారు గుంటూరు మేడ దిగి అప్పటికి నూట పదకొండేండ్లు!

భయము వేరు, జాగ్రత్త వేరు. సూర్యుని వట్టి కంటితో ఎన్నడును చూడరాదు. మసి పూసిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, మామూలు నల్లద్దములు చాలవు. పళ్లెములోని నీళ్లలో నీడ చూచుటయు కంటికి హానియే. అట్టముక్కకు సూదితో బెజ్జము చేసి, సూర్యునికి వీపు త్రిప్పి, ఆ బెజ్జము గుండా వచ్చు వెలుగును తెల్ల కాగితముమీద పడనిచ్చినచో సూర్యుని రూపము కనబడును. 2031 మే 21 బుధవారము పగటివేళ కేరళ, తమిళనాడులలో వలయ గ్రహణమును, మన జిల్లాలలో పాక్షిక గ్రహణమును కనబడును. అవి వేసవి బైబిలు బడుల దినములు. పిల్లలను వేపచెట్టు క్రిందికి తీసికొనిపోయి నేలమీదికి చూపుడి. ఆకుల సందులలో నుండి పడు ప్రతి వెలుగు చుక్కయు కొరికిన అప్పచ్చివలె వంకగా అగపడును. కడుపుతోనున్న చెల్లెండ్రకును ఆ చెట్టు క్రింద ఒక కుర్చీ వేయుడి.