రేచీకటి గుట్టు విప్పిన జార్జి వాల్డ్

నూజివీడు: దీపాలు పెట్టే వేళకు గడప కానక తడుముకొనే పిల్లలు ఒకప్పుడు మన పల్లెల్లో కనిపించేవారు. పెద్దలు దానిని రేచీకటి అన్నారు. తిండిలో లోపమే కారణమని వైద్యులకు తెలిసినా, కంటి లోపల జరిగేదేమిటో తేల్చిన వారు జార్జి వాల్డ్.

ఆయన 1906లో న్యూయార్క్‌లో, వలస వచ్చిన ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1932లో పరిశోధనకు జర్మనీ వెళ్లారు. జంతువుల కళ్లలోని రెటీనా పొరను పరీక్షించగా అందులో విటమిన్ ఏ ఉన్నట్లు తేలింది. ఆ సంగతిని 1933లో ప్రకటించారు. అదే ఏడు హిట్లర్ గద్దెనెక్కడంతో స్వదేశానికి తిరిగి వెళ్లి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పనిచేశారు.

వెలుతురు సోకగానే రెటీనాలోని రోడాప్సిన్ అనే రంగు పదార్థం విడిపోతుందని, అది మళ్లీ తయారయ్యేందుకు విటమిన్ ఏ కావాలని ఆయన పరిశోధనలు తేల్చాయి. అది తగ్గితే ముందు రాత్రి చూపు మందగిస్తుంది. ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపు పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు.

1967లో మరి ఇద్దరితో కలిసి వాల్డ్ నోబెల్ బహుమతి అందుకున్నారు. 1997లో మరణించారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా మన దేశంలో 1970 నుంచి చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ ఏ ద్రావణం పట్టడం మొదలైంది.

ముగ్గిన మామిడిలోని కెరోటిన్‌ను శరీరం విటమిన్ ఏగా మార్చుకుంటుంది. మామిడి కాలం తీరాక మునగాకు, తోటకూర, బొప్పాయి ఉన్నాయి. లారీలకెత్తే రసాల్లో నాలుగు కాయలు తోట కూలీల పిల్లలకూ దక్కితే వాల్డ్ శ్రమ ఇక్కడా అక్కరకు వచ్చినట్లే.