ఆశుతోష ముఖర్జీ: పదవియు, స్వాతంత్ర్యమును

విశ్వవిద్యాలయ పాలకమండలియందొక స్థానము ఖాళీయైనపుడు, దాని నెవ్వరి కిత్తురను ప్రశ్న యెల్లెడల వినవచ్చును. ఇచ్చినవారి మాటను గాదనఁగల ధైర్యము పుచ్చుకొన్నవానికిఁ గలదా యను ప్రశ్న యంతగా వినరాదు. ఈ రెండవదియే ముఖ్యమని మా యభిప్రాయము. సర్ ఆశుతోష ముఖర్జీ జీవితమే యిందులకు నిదర్శనము.

ఆయన 1864 జూన్ 29వ తేదీని కలకత్తాలో వైద్యుఁడైన గంగాప్రసాదునకు జన్మించెను. గణితశాస్త్రమున నసమానుఁడై, 1886లో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ విద్యార్థివేతనమును బడసెను. 1889లో, సుమా రిరువదియైదేండ్ల ప్రాయమున, కలకత్తా విశ్వవిద్యాలయపు సెనేటునందును, సిండికేటునందును సభ్యుఁడయ్యెను. అప్పటి సెనేటు సభ్యత్వము ప్రభుత్వ నియామకమున లభించునది. పెక్కండ్ర కది సభలో మర్యాదకై ధరించు తలపాగవంటిది. ఆశుతోషున కట్లు గాదు. ఆయన దానిని జీవితకాలపుఁ బనిగా స్వీకరించెను.

1904లో కర్జను ప్రభువు విశ్వవిద్యాలయముల చట్టమును దెచ్చెను. కలకత్తా సెనేటు సభ్యుల సంఖ్య 100కు మించరాదనియు, అందు 80 మందిని చాన్సలరే నియమింపవలెననియు నది శాసించెను. గోఖలేగారు దానిని శాసనసభలోఁ బ్రతిఘటించిరి. విద్యాలయములు సర్కారు కచేరీలగునని దేశము భయపడెను. అదే సంవత్సరమున హైకోర్టు న్యాయమూర్తియైన ఆశుతోషుఁడు 1906లో వైస్‌చాన్సలరై, బంధింపవచ్చిన యా చట్టమునే విద్యాభివృద్ధికి సాధనముగాఁ జేసికొనెను. ప్రధానముగాఁ బరీక్షలు జరుపు సంస్థ బోధించు సంస్థగా మాఱెను. పాలిత్, రాస్‌బిహారీ ఘోషు గార్ల దానములతో 1914లో విజ్ఞానకళాశాలకు శంకుస్థాపన జరిగెను. విదేశములలోఁ జదువని రామనుగారు 1917లో నచట నాచార్యులైరి. తిరుత్తణిలోఁ దెలుఁగు కుటుంబమునఁ బుట్టిన రాధాకృష్ణగారికి 1921లో తత్త్వశాస్త్ర పీఠము లభించెను. రాష్ట్రభేదము నెంచక యోగ్యత నెంచుట యిట్టిది.

ఆయన యధికారమునంతయుఁ దనచేతనే యుంచుకొనెనని నిందించినవారు గలరు. ఆ నింద పూర్తిగా నిరాధారము గాదు. సహాయనిరాకరణ దినములలో విద్యాలయ బహిష్కారమును ఆయన యంగీకరింపలేదు. జాతీయవాదులలోఁ బలువుర కది కష్టమును గలిగించెను. కాని సర్కారునకు లొంగియే యట్లు చేసెనని యెవ్వరు ననఁజాలరు. 1922లో ధనాభావమున విద్యాలయము తల్లడిల్లుచుండ, బెంగాలు ప్రభుత్వము షరతులతో 2,50,000 రూపాయల నీయఁజూపెను. ఆచార్యుల జీతములకే కటకటయైనను, ఆయన నాయకత్వమున సెనేటు దానిని నిరాకరించెను. 1923లో గవర్నరును, చాన్సలరునైన లిట్టను ప్రభువు, ప్రభుత్వమునెడ వైరుధ్యమును మానినచోఁ బదవిని మరల నిత్తుమని తెలియఁజేసెను. ఆశుతోషుఁ డా పదవిని దృణీకరించెను. మఱుసటి యేఁట, 1924 మే 25వ తేదీని, పాట్నాలోఁ బరమపదించెను.

ఆయన ప్రభుత్వ నియామకముననే ప్రవేశించెను. ప్రభుత్వ నియామకమును నిరాకరించియే నిష్క్రమించెను. నియమించువాఁడు ద్వారము తెఱచువాఁడే కాని గృహస్వామి కాఁడు. ప్రభువులు మాఱినను, పార్టీలు మాఱినను నీ ధర్మము మాఱదు. కావున క్రొత్త సభ్యుని పేరు ప్రకటింపఁబడినపుడెల్ల, అతఁ డెవ్వరివాఁడని గాక, అవసరమైనచోఁ బదవిని విడువఁగలవాఁడా యని ప్రజలు విచారింతురుగాక.