మనుషులతోనే వంతెన కట్టి చూపిన బేకర్

స్కాట్లండులో ఫోర్త్ నదీముఖంపై 1890 నుంచి రైళ్లను మోస్తున్న ఉక్కు వంతెన నిర్మాతల్లో సర్ బెంజమిన్ బేకర్ ముఖ్యులు. వంతెనలో ఏ భాగంపై ఎంత బలం పడుతుందన్న లెక్కను సామాన్యునికి సైతం అర్థమయ్యేలా ఆయన చూపారు.

బేకర్ 1840 మార్చి 31న ఇంగ్లండులోని ఫ్రోమ్ పట్టణం వద్ద జన్మించారు. 16వ ఏట ఇనుప కర్మాగారంలో పని నేర్వడానికి చేరారు. తర్వాత లండన్‌లో జాన్ ఫౌలర్ అనే ఇంజనీరు వద్ద కుదిరి, క్రమంగా ఆయనకు భాగస్వామి అయ్యారు.

1879 డిసెంబరు 28 రాత్రి పెనుగాలికి టే నదిపై రైలు వంతెన కూలింది. రైలులోని వారెవరూ బతకలేదు. వంతెన కట్టిన థామస్ బౌచ్ గాలి తాకిడికి తగిన లెక్క కట్టలేదని విచారణలో తేలింది. ఫోర్త్‌పై ఆయన తలపెట్టిన వంతెన పని ఆగిపోయింది. ఆ బాధ్యత ఫౌలర్, బేకర్లపై పడింది. వంతెనలంటేనే జనం భయపడుతున్న రోజులవి.

కొత్త వంతెన ఎలా నిలుస్తుందో 1887లో లండన్ ఉపన్యాసంలో బేకర్ మనుషుల నమూనాతో వివరించారు. ఇద్దరు కుర్చీల్లో కూర్చుని చేతులు చాపి కర్రలు పట్టుకున్నారు. కర్రల అడుగు కొసలు కుర్చీలకు ఆనాయి. ఇద్దరి నడుమ వేలాడే బల్లపై మూడో మనిషి కూర్చున్నాడు. బయటి వైపు చేతులకు ఇటుకల బరువు కట్టారు. కావడిలో వలె రెండు పక్కలా బరువు సరితూగింది. అప్పుడు చేతులపై లాగుడు, కర్రలపై నొక్కుడు పడ్డాయి. ఆ నమూనా ఫోటోలో నడుమ కూర్చున్నది కైచి వతనాబే అనే జపాను ఇంజనీరు.

మోకు లాగుడుకు ఆగుతుంది, నొక్కితే వంగుతుంది. గుంజ నొక్కుడుకు నిలుస్తుంది. అందుకే వంతెనలో నొక్కుడు పడే కింది భాగాలను వెదురు బొంగుల్లా గుల్లగా, 12 అడుగుల వ్యాసం గల ఉక్కు గొట్టాలతో చేశారు. లాగుడు పడే పై భాగాలను జల్లెడ అల్లికగా కట్టారు. గాలి తాకిడిని చదరపు అడుగుకు 56 పౌండ్లుగా లెక్కించారు.

1882లో మొదలైన పని ముగిసి, 1890 మార్చి 4న వంతెన ప్రారంభమైంది. రెండు ప్రధాన ఖానాలు ఒక్కొక్కటి 1,710 అడుగులు. అదే ఏడు బేకర్‌కు సర్ బిరుదు వచ్చింది. ఈ పనిలో 57 మంది కూలీలు మరణించారని మొదట లెక్క చెప్పగా, తర్వాతి పరిశోధనలో ఆ సంఖ్య 73కు చేరింది.

ఈజిప్టులో 1902లో పూర్తయిన అస్వాన్ ఆనకట్టకూ సలహాదారుగా పనిచేసిన బేకర్ 1907 మే 19న మరణించారు. ఆయన వంతెన 2015లో ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాకెక్కింది.