రాజా సర్ తంజావూరు మాధవరావుగారి చరిత్రము

రాజ్యము తండ్రినుండి కుమారునకు సంక్రమించుట లోకాచారము. మంత్రిపద మట్టిది కాదు. వంశము ద్వారమువరకు గొనిపోవును. అందుపై నిలుపునవి విద్యయు శీలమునే. ఇందులకు రాజా సర్ తంజావూరు మాధవరావుగారి జీవితము నిదర్శనము.

వీరు 1828 సంవత్సరమున కుంభకోణమున దేశస్థ మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి రంగారావుగారును, తండ్రి సోదరులగు వెంకటరావుగారును తిరువాన్కూరు సంస్థానమున దివానులుగా నుండిరి. రంగారావుగా రా పదవియందు 1837-38 నడుమ స్వల్పకాలమే యుండిరి. ఆ పిమ్మట అధికార మితరుల వశమయ్యెను. బాలునకు మిగిలినది తండ్రిపేరు మాత్రమే.

మాధవరావుగారు చెన్నపురి ప్రభుత్వోన్నత పాఠశాలలో పవెల్ దొరగారి శిష్యులై 1846 లో పట్టము గైకొనిరి. 1849 లో తిరువాన్కూరు రాజకుమారులకు గురువులై, క్రమముగా సంస్థానోద్యోగములం బ్రవేశించి, 1857 లో దివాను కృష్ణారావుగారు గతింపగా, ముప్పది యేండ్లు నిండకముందే తండ్రి కూర్చున్న పీఠమును స్వశక్తిచే నధిష్ఠించిరి.

అప్పటికి బొక్కసము రిక్తము. ఉద్యోగుల జీతములు బాకీ. వీరు పొగాకుపై సర్కారు గుత్తను రద్దుపఱచి, వర్తకమునకు ఆటంకములగు సుంకములను తగ్గించి, ఋణములను తీర్చిరి. 1865 నాటి పట్టం ప్రకటనచే సర్కారు భూములను దున్నుకొను రైతులకు స్థిరమైన హక్కు లభించెను. 1866 లో తిరువనంతపురమున కళాశాల వెలసెను.

ఒక్క విషయమును దాచుట న్యాయము కాదు. నాడారు స్త్రీలు పైవస్త్రము ధరించుటను అగ్రజాతులవా రడ్డగింపగా 1859 లో కలహములు చెలరేగెను. వీరి ప్రభుత్వము మొదట పూర్వాచారమునే సమర్థించి, చెన్నపురి గవర్నరు ట్రెవెల్యన్ దొరగారి యొత్తిడిపై ఆ యేడే హక్కు నంగీకరించెను. అదియును అగ్రజాతి స్త్రీలవలె ధరింపరాదను నియమముతోనే. అంతటి ధీమంతునకును పుట్టిన వర్ణపు టభిమానము దృష్టిని కప్పివైచెనేమో! కులసభలయందు కూడుకొను మనమందఱము దీనిని మనసున నుంచుకొనవలయును.

శిష్యుడై యుండిన ఆయిల్యం తిరునాళ్ మహారాజుతో మనస్పర్థ కలుగ, 1872 లో పదవిని విడిచిరి. ఇందూరు సంస్థానమున కొంతకాలము దివానుగిరి నెఱపిరి. 1875 లో మల్హారరావు గాయక్వాడు పదభ్రష్టుడు కాగా, బాలుడగు శాయాజీరావుగారి పక్షమున బరోడా రాజ్యభారము వహించి, కల్లోలిత సంస్థానమును చక్కదిద్ది, 1882 లో విరమించిరి. 1877 లో ఢిల్లీ దర్బారున రాజా బిరుదు వచ్చెను. 1887 లో చెన్నపురి కాంగ్రెసు సభకు ఆహ్వానసంఘాధ్యక్షులైరి. 1891 లో మైలాపురమున కీర్తిశేషులైరి.

తిరువనంతపురమున సచివాలయమున కెదురుగా వీరి విగ్రహము నిలిచియున్నది. దివానుల వరుసలో తండ్రిపేరు నేడు స్మరింపబడుట కుమారునివలననే. పోషకులారా! మన బిడ్డలకు పదవుల నీయజాలము, విద్య నీయగలము. దానిచే వారు తండ్రుల పేరు నిలుపుదురు గాక.