ఐక్యతా సాధకుడు అజరయ్య

ఆలంపురమును దాటిన పిమ్మట తుంగభద్ర కృష్ణలో కలియును. కలిసిన తరువాత ఏది ఏ నీరో వేరుపరచుట ఎవ్వరికిని శక్యము కాదు. మనుష్యులు మాత్రము అంత సులభముగా కలియరు. తొలినాటి క్రైస్తవుల చరిత్రమే ఇందుకు నిదర్శనము. యెరూషలేములో వారు ఆస్తులమ్మి, ఆ ధనమును అక్కరగలవారికి పంచి, యింటింట కలిసి భుజించిరి. అయినను, అంతియొకయలో యూదులు కానివారి పంక్తినుండి పేతురంతటివాడు వెనుదీయగా, పౌలు ఆయనను ముఖాముఖిగా నిలదీయవలసి వచ్చెను. ఐక్యతకు పరీక్ష భోజనపంక్తియందే జరిగినది. ఆ పరీక్షనే పందొమ్మిది శతాబ్దుల పిమ్మట తెలుగు పల్లెలలో ఎదుర్కొన్న మహనీయుడు వేదనాయకం సామ్యూల్ అజరయ్య.

ఆయన పుట్టుకచే తెలుగువాడు కాడు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి మండలమందలి వెళ్ళాళన్‌విళై గ్రామమున ఒక క్రైస్తవ గురువునకు జన్మించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమున పర్యటించెను. 1903లో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘమును, 1905లో శ్రీరాంపురమున జాతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో ఆయన ముఖ్యుడు. భారతీయుల ధనముతో, భారతీయుల చేతులమీదుగనే సువార్తసేవ జరుగవలెనని ఆయన మతము. ఇతరులకు చెప్పి తానూరకుండుట ఆయన స్వభావము కాదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, ఉద్యోగమును విడిచి, నాటి నిజాం రాజ్యమందలి దోర్నకల్లు చేరెను. తెలుగు నేర్చి పల్లెలు తిరిగెను.

మరుసటి యేట ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగము కలవరము పుట్టించెను. పాశ్చాత్యులు ధనమిచ్చిరి, ప్రాణములు సైతము ధారపోసిరి. కాని భారతీయ సహసేవకుని మిత్రునిగా నెంచి తమ యింట భోజనమునకు పిలుచువారు అరుదని వారి యెదుటనే చెప్పెను. కొందరు నొచ్చుకొనిరి. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవినందిన తొలి భారతీయుడాయనయే.

పంక్తిభేదము తెల్లవారి దోషము మాత్రమే కాదని ఆయన పల్లెలలో కన్నులార చూచెను. సంఘమున చేరినవారిలో అధికులు మాలలు, మాదిగలు. ఊరిచే వెలివేయబడిన ఆ రెండు కులములవారును తమలో తాము కలిసి భుజింపరు. దేవాలయమున అడుగిడినను ఆ అంతరము వారి వెంటనే వచ్చెను. ప్రభురాత్రి భోజనమున అందరికిని ఒకే రొట్టె, ఒకే పాత్ర అని అజరయ్య పట్టుపట్టెను. పేదలకును దానధర్మము నేర్పెను. గృహిణి వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు తీసి సంఘమునకై వేరుగ నుంచెడిది. యెరూషలేములోని ఉమ్మడి ధనమునకు ఇది తెలుగు పల్లె రూపము. కులభేదము మాత్రము సమూలముగ నశింపలేదు, నేటికిని నశింపలేదు.

దీనికి తోడు విదేశములనుండి దిగుమతియైన శాఖాభేదములు. ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికాల పాత తగవులను తెలుగు కూలివాడేల మోయవలెనని అజరయ్య వేదన. 1919లో తరంగంబాడిలో ఆంగ్లికనులును దక్షిణ భారత ఐక్య సంఘమువారును సమావేశమై ఏకీకరణమునకు నాంది పలుకగా, ఆయన ముందు నిలిచెను. పిదప మెథడిస్టులు చేరిరి. బిషప్పుల అధికారమెట్టిది, బిషప్పు హస్తము లేని అభిషేకములు చెల్లునా యను వాదములతో పాతికేండ్లకు పైగా గడచెను. ఈలోగా 1939 జనవరి 6న దోర్నకల్లులో ఆయన కట్టించిన మహాదేవాలయము ప్రతిష్ఠింపబడెను. గుడి స్తంభములు, మసీదు గుమ్మటములు అందు కలిసి నిలిచినవి. రాజకీయములందును క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనిన వాడాయన.

1945 జనవరి 1న అజరయ్య దోర్నకల్లులో కన్నుమూసెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించినపుడు ఆ వేడుక చూచుటకు ఆయన లేడు. బాప్టిస్టులు, లూథరనులు అందు చేరలేదు. సంగమము సంపూర్ణము కాలేదు. ఒక సంఘము ఎంత ఏకమైనదో తెలియుటకు దాని తీర్మానములు చదువనక్కరలేదు; ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండి భుజించుచున్నారో చూచిన చాలును. అజరయ్య జీవితము మనకు విడిచిపోయిన కొలమానమిదియే.