ఎనభై ఒకటి కోసం వెతుకులాట

ఆలన్ ట్యూరింగ్ తండ్రి ఒకప్పుడు మన విశాఖ జిల్లాలో ఉద్యోగం చేశాడంటే మా పద్మనాభంలో ఒక్కరూ నమ్మలేదు. జూలియస్ ట్యూరింగ్ ఐ.సి.ఎస్. అధికారి. పార్వతీపురం, విశాఖపట్నం, శ్రీకాకుళం, కర్నూలు ఇలా బదిలీల మీద తిరిగి 1911లో గంజాం జిల్లా ఛత్రపురం చేరాడు. గర్భవతిగా ఇంగ్లండు వెళ్లిన ఆయన భార్యకు 1912 జూన్ 23న లండన్‌లో ఆలన్ పుట్టాడు. తల్లిదండ్రులు మళ్లీ ఇటే వచ్చేశారు. పిల్లవాణ్ణి అక్కడ పరాయి ఇంట్లో ఉంచారు.

1936లోనే ఆయన కంప్యూటరుకు సిద్ధాంత పునాది వేసిన సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. యుద్ధకాలంలో జర్మన్ల ఎనిగ్మా రహస్యలిపి ఛేదించడానికి, పోలెండు గణితవేత్తల కృషి ఆధారంగా 'బాంబ్' అనే యంత్రాన్ని రూపొందించాడు. అది జవాబును నేరుగా వెతకదు. ఒక అమరికను నిజమనుకుంటుంది, అందులో వైరుధ్యం తేలితే కొట్టిపారేస్తుంది. మిగిలిన కాసినింటినే మనుషులు పరీక్షించేవారు.

నాకు ఆయన దగ్గరైంది నా తప్పు వల్ల. మొదటి సంవత్సరంలో నేను రాసిన మార్కుల సగటు ప్రోగ్రాం నేనిచ్చిన అంకెలన్నిటికీ భేషుగ్గా పనిచేసింది. జూనియర్ కుర్రాడొకడు వచ్చి సబ్జెక్టుల సంఖ్య సున్నా అని కొట్టాడు. అంతే, చతికిలబడింది! తప్పు లేని చోటే వెతికానన్నమాట.

1950 నాటి వ్యాసంలో ట్యూరింగ్ ఓ చిన్న లెక్క ఇచ్చాడు. 50కీ 200కీ మధ్య ఒక సంఖ్య. దాని అంకెల మొత్తాన్ని వర్గం చేస్తే మళ్లీ అదే రావాలి. 51 నుంచి వరుసగా పోవచ్చు, లేదా తోచిన సంఖ్యల్లా వేసి చూడొచ్చు. వరుసగా పోతే జవాబే లేని పెద్ద మేట ముందే తగలొచ్చు. తోచినట్టు పోతే వేసిందే మళ్లీ వేస్తాం. నేనైతే ముందు ఒక నిబంధన పెడతాను, అది వర్గసంఖ్య కావాలి కదా! 64, 81, 100, 121, 144, 169, 196. ఏడే మిగిలాయి. జవాబు 81.

ఇవాళ చిప్పులను పరీక్షించేవారు చేసేది ఈ రెండూ కలిపే. 32 బిట్ల సంఖ్యలు రెండింటిని కూడే సర్క్యూట్‌కు, ఇవ్వగల జంటలన్నీ సెకనుకు వందకోట్ల చొప్పున ఇచ్చినా 580 ఏళ్లు దాటుతుంది. అందుకని చెల్లే ఇన్‌పుట్‌లకు నిబంధనలు రాస్తారు. వాటికి సరిపడే విలువల్ని సాల్వర్ అనే ప్రోగ్రాం కనిపెడుతుంది, అందులోంచి యాదృచ్ఛికంగా ఏరుతారు. నిబంధన లేకుండా ఉత్త గుడ్డివేట్లు చాలవు. 1994లో బయటపడ్డ పెంటియం చిప్పు భాగహార దోషం, ఇంటెల్ లెక్క ప్రకారం, తొమ్మిది వందల కోట్ల భాగహారాల్లో ఒకసారి కనిపించేదట. ఆ కంపెనీకి పడ్డ ఖర్చు 47.5 కోట్ల డాలర్లు.

స్వలింగ సంబంధం నేరమని 1952లో కోర్టు ట్యూరింగ్‌కు శిక్ష వేసింది. జైలు తప్పించుకోవడానికి హార్మోన్ చికిత్సకు ఒప్పుకున్నాడు. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే, సయనైడ్ విషంతో పోయాడు. 2013లో బ్రిటన్ రాణి క్షమాభిక్ష ప్రసాదించింది. ఎవరు ఎవరిని క్షమించాలో నాకైతే బోధపడలేదు.

భర్త కొలువు వెంట మన ఊళ్లన్నీ తిరిగిన ఆ తల్లి, సారా ట్యూరింగ్, 1959లో కొడుకు జీవితచరిత్రను తనే రాసి అచ్చువేయించింది.