కరాచీ నుండి బొంబాయికి ఏడుంబావు గంటలు

జాతర రోజుల్లో మేడారం మీద హెలికాప్టర్ చప్పుడు వినపడితే చాలు, అన్నం పళ్ళెం వదిలి బయటికి ఉరుకుతాం. మా తాత మాత్రం దూరాన్ని కిలోమీటర్లలో అడగడు. ఎన్ని గంటల తొవ్వ అని అడుగుతాడు. ఈసారి మన పత్రికలో రాస్తున్న జె.ఆర్.డి. టాటా గారి జీవితాన్ని కూడా ఆ లెక్కతోనే చూడాలి.

ఆయన 1904 జూలై 29న పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి దేశస్థురాలు. ఇంగ్లీషు చానల్‌ను మొదటిసారి విమానంలో దాటిన బ్లేరియో కుటుంబం సెలవుల్లో వాళ్ళకు ఇరుగుపొరుగు. ఇగ విమానాల పిచ్చి పట్టకుండా ఎట్లుంటది! కాలేజీ చదువు మాత్రం కుదరలేదు. తండ్రి పిలిస్తే 1925లో వచ్చి, జీతం లేని అప్రెంటిస్‌గా టాటా కంపెనీలో చేరారు. 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో పైలట్ లైసెన్సు పొందారు. దాని నంబరు 1.

1930లో ఆగా ఖాన్ పెట్టిన ఒక పందెం జరిగింది. ఇండియా, ఇంగ్లండుల మధ్య ఒంటరిగా విమానం నడిపి ముందు చేరిన భారతీయునికి 500 పౌండ్లు బహుమతి. టాటా గారు కరాచీ నుండి బయలుదేరారు. 17 ఏళ్ళ ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుండి ఎదురు వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ కలిశారు. ఆస్పీ స్పార్క్ ప్లగ్గులు లేక అక్కడే ఆగిపోయి ఉన్నాడు. టాటా గారు తన దగ్గరున్నవి తీసి ఇచ్చేశారు. ఆస్పీ కొన్ని గంటల ముందు కరాచీ చేరి పందెం గెలిచాడు! పరీక్షలో పక్కవాడికి రెండో పెన్ను ఇవ్వని వాళ్ళం మనలో ఉన్నాం (నేనూ ఒకణ్ణి). ఆ ఆస్పీయే 1960లో మన వైమానిక దళానికి అధిపతి అయ్యారు.

అప్పట్లో లండన్ ఉత్తరాలు విమానంలో కరాచీ దాకా వచ్చేవి. అక్కణ్ణుంచి రైలే గతి, రోజులు పట్టేది. ఆ ఉత్తరాలను కూడా విమానంలో తేవాలని నెవిల్ విన్సెంట్ అనే పైలట్ ఆలోచన చెప్పాడు, టాటా గారు పట్టుకున్నారు. 1932 అక్టోబర్ 15న పొద్దున 6:35కు చిన్న పుస్ మాత్ విమానంలో 25 కిలోల ఉత్తరాలతో కరాచీలో లేచారు. రేడియో లేదు, దారి చెప్పేవాళ్ళు లేరు. అహ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి! మధ్యాహ్నం 1:50కి బొంబాయిలోని జుహూలో దిగారు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆగిన సమయంతో కలిపి ఏడుంబావు గంటలు. మేడారం నుండి వరంగల్ వంద కిలోమీటర్లకు మన బస్సు మూడు గంటలు తీసుకుంటే, ఆ లెక్కన ముప్పై గంటలు. ఇప్పటి జెట్ విమానానికైతే గంటన్నర చాలు. అక్కణ్ణుంచి సంచులను విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. బళ్ళారి తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరే.

ఆ కంపెనీయే 1946లో ఎయిర్ ఇండియా అయింది. 1953లో ప్రభుత్వం తీసుకుంది, 2022లో మళ్ళీ టాటాలకే వచ్చింది. 1982 అక్టోబర్ 15న, 78 ఏళ్ళ వయసులో, టాటా గారు పాత కాలపు చిన్న విమానంలో అదే కరాచీ నుండి బొంబాయికి మళ్ళీ నడుపుకుంటూ వచ్చారు. 1992లో భారతరత్న ఇచ్చారు. 1993 నవంబర్ 29న జెనీవాలో కన్నుమూశారు.

అట్లాసు వార్డెన్ సార్ బీరువాలో ఉంది. కరాచీ, అహ్మదాబాదు, బొంబాయి, బళ్ళారి, మద్రాసు మీద దారం పెట్టి కొలవండి. ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి.